నాయుడు గారి వాచీకి రాహుకాలం

శనివారం ఉదయం ఆరు గంటలకు, కోయంబత్తూరు పీలమేడులో నారాయణసామి నాయుడు గారి ఇంటి అరుగు మీద సిద్ధమైన ప్రణాళిక చాలా సరళమైనది. కాఫీ తాగాలి. ఏడున్నరకు వీధిలోకి వెళ్ళాలి. ఎవరి పని వారు చేసుకుంటూ ఉండగా రెగులా వారిని ఫోటోలు తీయాలి. సరిగ్గా తొమ్మిదికి ఇంటికి వచ్చి ఇడ్లీలు తినాలి. ప్రణాళిక వేసినవారు ఒక నూలు మిల్లులో ముప్పయ్యొక్క సంవత్సరాలు టైంకీపరుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవారు కాబట్టి, అందులో ఒక్క నిమిషం వృథా లేదు. వీధిలో మనుషులు ఉంటారన్న సంగతి మాత్రం అందులో ఎక్కడా లెక్కకు రాలేదు.

రెగులా స్విట్జర్లాండు పిల్ల. వయసు ఇరవై రెండు. జ్యూరిక్ నగరంలో ఫోటోగ్రఫీ చదువుతోంది. ఆ పాఠశాలవారు చివరి సంవత్సరం విద్యార్థులను భాష తెలియని దేశానికి పొమ్మంటారు. అక్కడ ఒకే వీధివారి పనిపాటలను పన్నెండు చిత్రాలలో చూపించాలి. కెమెరా కోసం ఎవరూ నిలబడి ఉండరాదన్నది నియమం. మిల్లుకు కొత్త యంత్రాలు బిగించడానికి వచ్చి వెళ్ళిన ఇంజనీరు ఆమె మేనమామ. ఆయన సిఫారసు మీద ఆమె కోయంబత్తూరు స్టేషనులో దిగి, నాయుడు గారి ఇంటి ముందుగదిలో బస చేసింది.

ఓడలో వస్తూ ఆమె ఒక తమిళ వాచకం కంఠస్థం చేసుకుంది. తీరా చేరింది తెలుగు మాట్లాడే ఇంటికి. మొదటి వారం బిక్కచచ్చిపోయింది. వీధిలో అందరూ తెలుగులో మొదలుపెట్టిన వాక్యాన్ని తమిళంలో ముగిస్తారని రెండవ వారంలో కనిపెట్టింది. మూడు నెలలు గడిచేసరికి తానూ అలాగే మాట్లాడసాగింది. వీధివారు ఆమెను రేగులమ్మ అని పిలవసాగారు. నాయుడు గారి భార్య పాపమ్మాళ్ రోజూ ఆమె జడలో కనకాంబరాలు పెట్టేది.

చదువు మాత్రం ముందుకు సాగలేదు. పీలమేడులో ఫోటో అన్నది జీవితంలో రెండు మూడుసార్లు జరిగే శుభకార్యం. పెట్టెలోని పట్టుచీర తీసి, మెడలో గొలుసు వేసుకుని, తల నున్నగా దువ్వుకుని, ఊపిరి బిగబట్టి నిలబడవలసిన సందర్భం. రెగులా తీసిన మొదటి చిత్రాలన్నింటిలోనూ వీధి వీధంతా ఊపిరి బిగబట్టే ఉంది. వాటిని చూసి ప్రొఫెసరు జ్యూరిక్ నుండి జాబు రాశాడు: "నీవు పంపినవి మనుషుల చిత్రాలు కావు, చీరల చిత్రాలు." తరువాత తీసిన నాలుగు రోళ్ళను ఆమె ఎండకు కాగిన తొట్టినీళ్ళతో కడిగింది. వేడికి ఫిల్ము మీది పూత పెరుగు మీద మీగడలా జారిపోయింది. ఇక మిగిలింది ఒకే ఒక రోలు, అంటే పన్నెండు చిత్రాలు. దిగుమతి ఆంక్షల వల్ల ఆ కొలత ఫిల్ము కోయంబత్తూరులో ఎక్కడా దొరకడం లేదు. సోమవారం విమానపు తపాలాకు చిత్రాలు అందకపోతే ఆ సంవత్సరం పోయినట్టే. విద్యార్థి వేతనం కూడా పోతుంది. పోయినదాన్ని మళ్ళీ కట్టగల స్తోమత ఆమె తండ్రికి లేదు. ఆయన ట్రాము బండి కండక్టరు.

ఇక్కడ వాచీ సంగతి చెప్పాలి. నాయుడు గారు పదవీ విరమణ చేసిననాడు మిల్లువారు ఆయనకు ఒక స్విస్ చేతిగడియారం బహూకరించారు. ఆయన ప్రతి ఉదయం రేడియోలో సమయ సంకేతం విని దాన్ని సరిచూసుకుంటారు. వీధిలో ఎవరు ఫోటో తీయించుకున్నా ఆ వాచీని అరువు తీసుకుంటారు. పీలమేడులో ఏ ఇంటి గోడ మీది ఫోటో చూసినా ముఖాలు వేరు, మణికట్లు వేరు, వాచీ మాత్రం ఒక్కటే.

అదీగాక ఆ వారం వాచీకి మరొక ఉద్యోగం కూడా పడింది. మిల్లు టైం ఆఫీసులోని గోడగడియారం మరమ్మతుకు పోయింది. మిల్లులో సంగు ఊదే పని ఆరోగ్యసామిది. సంగు అంటే ఆ ప్రాంతంలో మిల్లు కూత. బాయిలరు గది పక్కన ఉన్న చిన్న తలుపు తీస్తే నాయుడు గారి అరుగు నలభై అడుగుల దూరం. ఆరోగ్యసామి వేళకు ముందు ఆ తలుపులోంచి వచ్చి, వాచీ చూసి, వెళ్ళి సంగు ఊదేవాడు. "సూర్యుడు తప్పినా టైంకీపరయ్య వాచీ తప్పదు" అని అతని నమ్మకం. ఆ మాట వినడం నాయుడు గారికి ఇష్టమే.

శుక్రవారం సాయంత్రమే నాయుడు గారు వీధివారిని అరుగు ముందు కూర్చోబెట్టి విషయం విశదపరిచారు.

"రేపు పట్టుచీర వద్దు, గొలుసు వద్దు, పౌడరు వద్దు. ఏ పని చేస్తా ఉంటారో అదే చేస్తా ఉండండి. అమ్మణి వచ్చి పటం పట్టుకొని పోతుంది. మీరు దాని తట్టు చూడనే కూడదు. తెలిసిందా?"

"సరి మామా" అన్నది మిల్లు రీలింగ్ ఖాతాలో, అంటే నూలు చుట్టే విభాగంలో, మధ్యాహ్నపు షిఫ్టు చేసే కుప్పమ్మాళ్.

"సరి అయ్యా" అన్నాడు బండి తోలే వీరప్ప.

"సరి నాయనా" అన్నది వీధిలోకెల్లా పెద్దది, వెంకటమ్మాళ్.

ఆ వీధిలో సరి అంటే విన్నాము అని అర్థం. ఒప్పుకున్నాము అని నాయుడు గారు అర్థం చేసుకున్నారు.

శనివారం ఏడున్నరకు రెగులా కెమెరా మెడలో వేసుకుని కుప్పమ్మాళ్ ఇంటి పెరట్లోకి వెళ్ళింది. కుప్పమ్మాళ్ చెప్పినట్టే రుబ్బురోలు ముందు కూర్చుని ఉంది. కట్టుకున్నది పెళ్ళినాటి అరక్కు రంగు, అంటే లక్క ఎరుపు పట్టుచీర. రోలును చింతపండు పెట్టి తోమి, పసుపు రాసి, బొట్టు పెట్టింది.

"ఏమ్మా ఇది?" అన్నారు వెనకాలే వచ్చిన నాయుడు గారు.

"పనే గదా చేస్తా ఉండాను మామా. రోలు ముందర కూర్చోలేదా?"

"పిండి ఏది?"

"పిండి వేస్తే పట్టుచీర మీద చిందదా?"

"పట్టుచీర ఏమిటికి కట్టినావు?"

"పటం పట్టేటప్పుడు పాతచీరతో ఉంటే, ఆ దేశంలో వాండ్లు చూసి, నారాయణసామి వీధిలో పిల్లలకు కట్టుకునేదానికి లేదు అనుకోరా? మీకి గదా తలవంపు."

నాయుడు గారు ఈ తర్కాన్ని విడదీయడం మొదలుపెట్టారు. ఈలోగా కుప్పమ్మాళ్ చేయి చాచింది. "వాచీ ఇట్ల ఇయ్యండి మామా" అంటే, "అత్త దగ్గర ఇచ్చేసినాను, అడిగి తీసుకో" అని అలవాటు కొద్దీ చెప్పి నాలుక కరుచుకున్నారు. రెగులా ఒక చిత్రం తీయక తప్పలేదు. అన్నం పెట్టిన చేతిని కాదనడం ఆమెకు ఏ వాచకమూ నేర్పలేదు.

వీరప్ప మిల్లుకు పత్తి బేళ్ళు తోలే మనిషి. అతను ఎడ్లను కడిగి, కొమ్ములకు రంగు వేసి, తాను ఇస్త్రీ చొక్కా తొడుక్కుని ఎడ్ల మధ్య నిలబడి ఉన్నాడు.

"బండి ఏదన్నా?" అన్నది రెగులా.

"బండి మురికిగా ఉండాదమ్మణీ. దాన్ని ఇంటి వెనకాల దాచిపెట్టినాను."

బండి లేని బండివాడు రెండవ చిత్రమయ్యాడు. వెంకటమ్మాళ్ రోజూ విసనకర్రలు అల్లుతుంది. కాని ఆరోజు ఆమె కోడలి గొలుసు, మనవరాలి జుంకీలు, నాయుడు గారి వాచీ ధరించి, చేతిలో ఏమీ లేకుండా, దేవత ఎదుట నిలబడినట్టు నిలబడింది. మూడవ చిత్రం. రెగులా కెమెరాలోని అంకె చూసుకుని గోడకు ఆనుకుంది. మూడు పోయాయి. ఇంకా తొమ్మిది. వీధి పొడుగునా ఇంకా పదిహేను మంది పట్టుబట్టల్లో వరసగా నిలబడి వాచీ కోసం ఎదురుచూస్తున్నారు.

"అవ్వా, వీళ్ళకి ఎట్ల చెప్పేది?" అని ఆమె పాపమ్మాళ్ పక్కన కూర్చుని కళ్ళు తుడుచుకుంది. "ఈ ఫిల్ము రోలు పాడైతే నేను ఊరికి పోయి నాయన ముఖం ఎట్ల చూసేది?"

"ఏడవద్దు కన్నూ. అంతా నల్లదే, మంచిదే జరుగుతుంది" అన్నది పాపమ్మాళ్. ఏ విధంగా జరుగుతుందో ఆమెకూ తెలియదు.

అప్పటికి సరిగ్గా తొమ్మిదయింది. నాయుడు గారు ప్రణాళిక ప్రకారం ఇడ్లీలకు లోపలికి వెళ్ళారు.

తరువాత కూర్చోవలసినది జోతిమణి, ఆరోగ్యసామి భార్య. మిల్లు లైను ఇళ్ళ నుండి వచ్చింది. పెళ్ళికి తీయించుకున్న ఫోటో వానకు తడిసి చెడిపోయిందట. ఇదే ఇంక తన ఫోటో. ఆకుపచ్చ పట్టుచీర పక్కింటివారిది. ఆమె కుర్చీలో కూర్చుని చేయి చాపింది. పాపమ్మాళ్ వాచీ పెట్టబోతూ ముల్లు చూసి ఆగిపోయింది. తొమ్మిదీ పది.

శనివారం తొమ్మిది నుండి పదిన్నర దాకా రాహుకాలం. ఆ సంగతి పాపమ్మాళ్ మరచిపోలేదు. రాహుకాలం ఒకటుందని భర్త ఒప్పుకోడు గనుక పైకి అనలేదు, అంతే. గ్రహాలకు పీలమేడు చిరునామా తెలియదని ఆయన ముప్పై ఏళ్ళుగా చెబుతున్నారు. రాహుకాలంలో ఫోటో తీయడం వరకు ఆమె సర్దుకోగలిగింది. కాని ఫోటోలో వాచీ పడుతుంది. వాచీలో వేళ పడుతుంది. రేపు జోతిమణి కూతురికి సంబంధం చూడ్డానికి వచ్చినవారు గోడ మీది ఫోటో చూస్తే, అందులో ఎల్లకాలమూ రాహుకాలమే ఉంటుంది. ఆ ఇంటికి ఎన్నటికీ పదిన్నర కాదు.

మామూలు మనుషులు రాహుకాలం దాటే దాకా గంటన్నర కూర్చుంటారు. పాపమ్మాళ్ ముల్లు తిప్పింది. పదీ ముప్పై అయిదుకు తెచ్చి, ఆ అయిదు నిమిషాలు ఎక్కువే ఉండనిమ్మని తృప్తిపడి, వాచీని జోతిమణి చేతికి కట్టింది. పరుల మేలు కోరి చేసిన పని కాబట్టి ఆమె మనసు నిశ్చింతగా ఉంది.

రెగులా మాత్రం కెమెరా ఎత్తలేదు. జోతిమణి ముందు మోకాళ్ళ మీద కూర్చుని బతిమాలుతోంది. "అక్కా, కుర్చీ వద్దు. రోజూ మీరు ఏం చేస్తారో అది చెయ్యండి."

"రోజూ చేసేదాన్ని ఎవరు చూస్తారమ్మణీ?" అన్నది జోతిమణి పెదవులు కదలకుండా. ఫోటో ఏ క్షణంలో పడుతుందో తెలియదని ఆమె పావుగంటగా కదలడం మానేసింది.

ఆ సమయంలో బాయిలరు గది తలుపు తీసుకుని ఆరోగ్యసామి వచ్చాడు. వచ్చింది భార్య ఫోటో చూద్దామని. వచ్చినవాడు ఊరికే ఉండకుండా, "మణి ఎంత?" అని వేళ అడిగాడు. జోతిమణి తల తిప్పకుండా మణికట్టు మాత్రం అతని వైపు తిప్పింది. పదీ యాభై రెండు.

ఆరోగ్యసామి ఒకసారి ఎండ వైపు చూశాడు. ఇంకోసారి వాచీ వైపు చూశాడు. రెండింటిలో దేన్ని నమ్మాలన్న విషయంలో అతనికి ఎన్నడూ సందేహం లేదు. పంచె ఎగగట్టి, వచ్చిన తలుపులోంచే పరుగెత్తాడు. ఎనిమిది నిమిషాల తరువాత, పదకొండు గంటల భోజనపు సంగు, ఉదయం తొమ్మిదీ ముప్పై అయిదుకు, పీలమేడు మీద నిండుగా మోగింది.

ఆ ఊళ్ళో సంగు వినబడితే ఎవరూ ఆలోచించరు. కాళ్ళే ఆలోచిస్తాయి. మిల్లులో తొమ్మిది వందల మంది యంత్రాలు ఆపి గేటు వైపు కదిలారు. పాఠశాలలో గంట కొట్టారు. పిల్లల కంటే ముందు మాస్టారు బయటికి వచ్చారు. ఇక వీధిలో, ఇంటింటి నుండి ఒక మనిషికైనా గేటు దగ్గరికి తూక్కులో అన్నం తీసుకుపోవాలి. తూక్కు అంటే పట్టుకునే కమ్మి ఉన్న మూతగిన్నె. అన్నమన్నది ఇంకా బియ్యం రూపంలో ఉంది.

"అయ్యో, పొయ్యి కూడా ముట్టించలేదే" అంటూ కుప్పమ్మాళ్ లేచింది. అరక్కు పట్టుచీర కొంగు నడుముకు చుట్టి, పొయ్యి ముందు గొంతుకూర్చుని ఊదుగొట్టం తీసుకుంది. వీరప్పకు పదకొండులోగా పత్తి గోదాములో దించవలసి ఉంది. రంగు కొమ్ముల ఎడ్లను దాచిపెట్టిన మురికి బండికి కట్టి, ఇస్త్రీ చొక్కాతో బేళ్ళు ఎత్తసాగాడు. వెంకటమ్మాళ్ కోడలి గొలుసు వెనక్కి వేసుకుని చట్నీ నూరడానికి కూర్చుంది. నూరుతూనే మనవరాలిని తిట్టింది. తిడుతూనే పొయ్యి మీది పాలు దించింది. పదిహేను పట్టుచీరలు పొగలో, మసిలో, నీళ్ళ బిందెల కింద, వీధి ఈ చివర నుండి ఆ చివరకు పరుగెత్తాయి.

రెగులాకు ఏమి జరిగిందో తెలియలేదు. ఒక్క విషయం మాత్రం తెలిసింది. ఆమె ఆ వీధికి వచ్చిన మూడు నెలలలో మొదటిసారి ఎవరూ ఆమె వైపు చూడడం లేదు. ఆమె కెమెరా తెరిచింది. ఊదుగొట్టంతో బుగ్గలు పొంగిన కుప్పమ్మాళ్, ఒకటి. బేలు కింద వంగిన ఇస్త్రీ చొక్కా, రెండు. తిట్టు మధ్యలో ఉన్న వెంకటమ్మాళ్ నోరు, మూడు. ఆమె వాళ్ళతోపాటు పరుగెత్తింది.

ఇడ్లీ చేతిలో పట్టుకుని నాయుడు గారు అరుగు మీదికి వచ్చారు. అరుగు గచ్చు మీద స్తంభం నీడను బట్టి ఆయన గీసుకున్న సుద్దగీతలు ఉన్నాయి. నీడ తొమ్మిదిన్నర గీత దాటి వేలెడు కూడా జరగలేదు.

"ఏమే, ఈ సంగు ఏంది? తొమ్మిదిన్నరే గదా అయింది."

"పదకొండు మామా" అన్నది కుప్పమ్మాళ్ అటుగా పోతూ. "సంగు ఊదేసినారు."

"నీడ చూడు. ఎండ చూడు."

"ఎండ తప్పుగా ఉంటుందేమో మామా. సంగు తప్పదని మీరే గదా చెప్తారు."

ముప్పయ్యొక్క ఏళ్ళు ఆ మాట వీధికి నేర్పింది ఆయనే. ఆయన భార్య వైపు తిరిగారు. పాపమ్మాళ్ ఆయన చేతిలోని ఇడ్లీతో సహా కంచమంతా ఒక తూక్కులోకి ఒంపేసింది.

"గేటు దగ్గర తొమ్మిది వందల మంది ఉండారు. మీకి ఇప్పుడు ఇడ్లీ ఒకటి తక్కువయిందా?"

"వాచీ ఏది?"

"జోతిమణి చేతికి ఉండాది." తూక్కుకు మూత పెడుతూ, "రాహుకాలం గదా, కొంచెం దాటించినాను" అన్నది.

నాయుడు గారు ఎంత దాటించావని అడిగారు. ఆమె చెప్పింది. ఆయన చెప్పులు వేసుకోకుండా మిల్లు వైపు నడవసాగారు. అంత వేగంగా నడవడాన్ని వీధి సాధారణంగా పరుగు అంటుంది. ముందు జోతిమణి, ఆకుపచ్చ పట్టుచీర, తలకంటే ఎత్తుగా పట్టుకున్న తూక్కు, ఆ చేతికి వాచీ. వెనక నాయుడు గారు. ఇద్దరికీ పక్కగా, అడ్డంగా పరుగెత్తుతూ, కెమెరాలోకి తల వంచిన రెగులా.

గేటు దగ్గర సగం మందికి అన్నం లేదు, ఆకలీ లేదు. ఉన్నవారు ఇంటింటి నుండి వచ్చిన ఇడ్లీలు, సద్దికూడు పంచుకుంటున్నారు. నాయుడు గారు ఆరోగ్యసామిని పక్కకు పిలిచి విషయం చెప్పారు. ఆరోగ్యసామి ముఖం సున్నం కొట్టినట్టయింది. అతనికి నలుగురు పిల్లలు. లైను ఇల్లు ఉద్యోగంతో వచ్చినది, ఉద్యోగంతోనే పోతుంది.

మాట పూర్తి కాకముందే మేనేజరు వేలుసామి నాయుడు బయటికి వచ్చాడు. ఆయన కోపం మరొక దిక్కు నుండి వచ్చింది.

"పదకొండుకు ఎంత నూలు రావాలో అందులో సగం కూడా రాలేదు. పొద్దున్నించి ఏం చేస్తా ఉన్నారంతా? నిద్రపోయినారా? ఈ ఖాతావాండ్లందరికీ ఒక రోజు కూలి కోత."

ఆరోగ్యసామి నోరు మూసుకుని ఉంటే అతని ఉద్యోగం నిలిచేది. అతను ముందుకు వచ్చాడు.

"వాండ్ల తప్పు లేదయ్యా. నూలు సరిగానే ఉండాది. సంగు నేనే ముందే ఊదేసినాను."

"ముందే అంటే?"

"గంటన్నర."

గేటు దగ్గర నమిలే చప్పుడు కూడా ఆగింది. నాయుడు గారు అతని పక్కన నిలబడ్డారు. "వాచీ నాది. అతడు నమ్మింది నన్ను. తప్పు ఉంటే నాది."

"ముల్లు తిప్పింది నేను" అని వెనక నుండి పాపమ్మాళ్ వచ్చింది. చేతిలో తూక్కు ఉంది.

"నా పటం కోసం తిప్పినారయ్యా" అన్నది జోతిమణి.

"తిప్పేటప్పుడు నేను పక్కనే ఉండి చూస్తా ఉన్నాను" అన్నది వెంకటమ్మాళ్. అది అబద్ధం. ఆ సమయంలో ఆమె అద్దం చూసుకుంటోంది.

"నాకు ఫోటో కావాలని చెప్పింది నేను. నన్ను తిట్టండి సార్" అన్నది రెగులా. ఆమె వచ్చి ఆరోగ్యసామి ముందు నిలబడింది.

మేనేజరు ఈ వరుసను ఆ చివరి నుండి ఈ చివరి దాకా చూశాడు. "సరి. అందరూ మంచివాండ్లే. అయినా సంగు ఊదేవాడికి కండ్లు లేవా? ఆకాశంలో ఎండ కనబడలేదా? ఇట్లాటి మనిషిని బాయిలరు దగ్గర ఎట్ల పెట్టుకునేది? సోమవారం నుంచి..."

"ఒక్క మాట" అన్నారు నాయుడు గారు వినయంగా. "తమరి చేతి వాచీలో ఇప్పుడు మణి ఎంత?"

మేనేజరు చూసుకున్నాడు. "పదకొండూ ఇరవై."

"సంగు ఊదక ముందు ఎంత ఉండింది?"

మేనేజరు చొక్కా చేతిని వాచీ మీదికి లాక్కున్నాడు.

"తమరు మంచి వాచీ పెట్టుకుంటారు. నాకు తెలుసు. కొనేటప్పుడు పక్కన ఉన్నింది నేనే. అది నిమిషం తప్పేది కాదు."

"తొమ్మిదీ ముప్పై అయిదు ఉండింది" అన్నాడు మేనేజరు.

"సంగు విని తమరేం చేసినారు?"

మేనేజరు మెల్లగా, "తిప్పుకొన్నాను" అన్నాడు. మరికొంచెం మెల్లగా, "సాపాటు కూడా అయిపోయింది" అన్నాడు.

"ఆరోగ్యసామి ఇంకొకరి వాచీని నమ్మి ఎండను కాదన్నాడు. తమరు సంగును నమ్మి తమ వాచీనే కాదన్నారు. ఇద్దరిలో..."

"చాలు నారాయణసామీ" అన్నాడు మేనేజరు. ఆయన కోపంగా ఉండాలని కొంత ప్రయత్నించాడు. పక్కనున్న కార్డింగ్ ఖాతా మనిషి ఒకడు ఆపుకోలేక నవ్వాడు. తరువాత నవ్వింది మేనేజరే. నాయుడు గారు జోతిమణి చేతిని, మేనేజరు చేతిని పక్కపక్కన పెట్టి రెండు వాచీలనూ వెనక్కి తిప్పిస్తూ ఉండగా, తొమ్మిది వందల మంది ముక్కున వేలేసుకుని చూస్తూ ఉండగా, రెగులా పన్నెండవ చిత్రం తీసింది.

ఆరోగ్యసామి ఉద్యోగం నిలిచింది. భోజన విరామం అయిపోయినట్టే లెక్క అని మేనేజరు తీర్మానించాడు. ఉదయం తొమ్మిదిన్నరకు తిన్నవారు మధ్యాహ్నం రెండు గంటలకు ఏ స్థితిలో ఉన్నారో మిల్లు చరిత్రలో నమోదు కాలేదు. కూలి మాత్రం ఎవరికీ కోయలేదు.

ఆ సాయంకాలం ఫిల్ము కడిగే బాధ్యతను నాయుడు గారు తీసుకున్నారు. ఆవిరయ్యే నీరు వేడిని తనతో తీసుకుపోతుందన్నది ఆయన చాలాకాలంగా వీధికి చెప్పాలనుకుంటున్న విషయం. నాలుగు మట్టికుండలకు తడి పత్తివేస్టు చుట్టి గాలికి పెట్టారు. చాలనిదానికి సోడా కంపెనీ నుండి వీరప్ప ఐసు గడ్డ తెచ్చాడు. ఉష్ణమాపకం ఇరవై డిగ్రీలు చూపేదాకా నాయుడు గారు రెగులాను ఫిల్ము ముట్టుకోనివ్వలేదు. కిటికీలు లేని వడ్లగదిలో ఆమె పనిచేస్తుంటే, వెలుతురు పడకుండా బయట తలుపు సందులకు పట్టుచీరలు కుక్కి పట్టుకున్నవారు కుప్పమ్మాళ్, జోతిమణి. మసి అంటిన చీరలు ఇంక ఎందుకైనా పనికొస్తాయని వారి అభిప్రాయం. పన్నెండు చిత్రాలూ చెక్కుచెదరకుండా వచ్చాయి. సోమవారం తపాలాలో వెళ్ళాయి.

అయిదు వారాల తరువాత జ్యూరిక్ నుండి జాబు వచ్చింది. రెగులా దాన్ని అరుగు మీద కూర్చుని, వీధి అంతా వింటుండగా, తన తెలుగులో సగం, తన తమిళంలో సగం చెప్పింది. ఆమెకు మొదటి తరగతి వచ్చింది. మొదటి మూడు చిత్రాలనూ తీసెయ్యవద్దని ప్రొఫెసరు రాశాడు. మనుషులు తమను ఎలా చూడమంటారో ఆ మూడింటిలో ఉందట, వారు ఎలా ఉంటారో మిగిలిన తొమ్మిదింటిలో ఉందట. వంట చేసేటప్పుడు కూడా పట్టు కట్టే ప్రజలను తాను ఇంతవరకు చూడలేదని ఆశ్చర్యపోయాడట.

"చూసినారా మామా" అన్నది కుప్పమ్మాళ్. "పాతచీర కట్టుంటే ఈ పేరు వచ్చుండునా?"

రెగులా జాబు మడిచి, ఒక్కొక్కరికీ వారి వారి చిత్రం ఇచ్చింది. జోతిమణికి ఇచ్చినది కుర్చీలోనిది కాదు, కుర్చీలో తీసింది లేనే లేదు. తూక్కు ఎత్తి పట్టుకుని, కొంగు ఎగిరిపోతూ, నోరు తెరిచి పరుగెత్తే జోతిమణి. ఆమె దాన్ని వెలుతురుకు తిప్పి చూసింది.

"నేను ఇట్ల ఉంటానా?" అన్నది. ఆరోగ్యసామి, "ఇట్లనే ఉంటావు" అన్నాడు. ఆమె దాన్ని కొంగులో చుట్టుకుంది.

రెగులా లేచి పాపమ్మాళ్ కాళ్ళకు దండం పెట్టింది. అది ఎవరూ నేర్పినది కాదు, చూసి నేర్చుకున్నది. "అవ్వా, మీరు ముల్లు తిప్పకపోతే నాకు చదువే లేదు. నాయన కూడా మీకు వందనం చెప్పమన్నాడు."

"నాదేముంది కన్నూ" అన్నది పాపమ్మాళ్ భర్త వైపు చూడకుండా. "అంతా రాహుకాలం మహిమ. ఉండాదని ఒప్పుకుంటే కొందరికి ముత్యాలు రాలిపోతాయి."

నాయుడు గారు గొంతు సవరించుకున్నారు. రాహుకాలానికి ఒక మిల్లును ఆపే శక్తి లేదని, మనిషికి ఉందని, ఆ రెండింటి తేడా పెద్దదని వివరించబోయారు. కాని వీధి అంతా ఇడ్లీ తింటోంది. ఆ పూట వాటిని వండి తెచ్చింది జోతిమణి. ఆయన కంచంలోనూ నాలుగు ఉన్నాయి. వివరించడం మానేసి తిన్నారు. తింటూ, ఆ వీధిలో ఇన్నేళ్ళు బతకడం ఎంత అదృష్టమో అనుకున్నారు గాని, అదృష్టమన్న మాట తమ నోట రాకుండా జాగ్రత్తపడ్డారు.

"తాతా, ఇంకొకటి ఉండాది" అన్నది రెగులా, జాబు చివరి పేజీ చూపిస్తూ. ప్రొఫెసరు ఏడవ చిత్రాన్ని, అంటే జోతిమణి పరుగును, భూతద్దంతో చూశాడట. నేల మీద నీడను బట్టి వేళ తొమ్మిదిన్నర దాటి కొద్దిగా అయి ఉండాలి. ఆమె చేతి వాచీ మాత్రం పదకొండు దాటినట్టు చూపుతోంది. ఆ ప్రాంతంలో దొరికే గడియారాలు నాసిరకమా అని అడిగాడట.

నాయుడు గారు కంచం పక్కన పెట్టి, చేయి కడుక్కుని, కాగితం తెప్పించుకున్నారు. ఆయన జవాబు రెండే వాక్యాలు: "అయ్యా, గడియారం తమ దేశానిదే. ఆ గంటా ఇరవై అయిదు నిమిషాలు మాత్రం మా ఇంటివి."